పెరట్లో బూటు జాడ

ఆ ఉదయం జాడల మాస్టారి పథకం చాలా చిన్నది. రాత్రంతా చెక్‌పోస్టులో కూర్చుని వర్షాన్ని చూసిన మనిషి, ఇంటికొచ్చి వేడివేడిగా ఓ కప్పు టీ తాగి, కిటికీ తెర లాగేసి మధ్యాహ్నం దాకా నిద్రపోవాలి. అంతే. ఇంత చిన్న పథకాన్ని కూడా చెడగొట్టుకోవాలంటే మనిషికి ప్రత్యేకమైన తెలివితేటలు ఉండాలి. అవి మాస్టారికి పుష్కలంగా ఉన్నాయి.

ఆయన నేషనల్ పార్కులో సీనియర్ రేంజర్. మట్టిలో జాడ చూసి, అటు వెళ్ళింది జింకో, దొంగో, దారితప్పిన టూరిస్టో చెప్పేస్తారు. దొంగయితే వాడిది ఏ కాలు కుంటో కూడా చెబుతారు. కొత్తగా చేరినవాళ్ళకు ఆ విద్య నేర్పేది ఆయనే గనక జాడల మాస్టారన్న పేరు స్థిరపడిపోయింది. పార్కులో ఎవరు తప్పిపోయినా, ఎవరు ఏది ఎత్తుకుపోయినా ముందు ఆయనకే కబురు వెళ్ళేది. అదంతా ఉంగరాల జుట్టు రేంజర్ రాకముందు మాట.

ఈ ఉంగరాల జుట్టువాడు తాళ్ళ పనిలో ఆరితేరినవాడు. వచ్చీ రాగానే కొండ అంచున ఇరుక్కుపోయిన ఒక పెద్దమనిషిని తాడేసి పైకి లాగాడు. పేపర్లో ఫోటో పడింది. పడితే పడింది, మాస్టారు ఎలాగో దిగమింగుకునేవారే. కానీ ఆ ఫోటోను కత్తిరించి ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మాస్టారి భార్య!

"ఆ ముడి చూడండి, ఎంత నీటుగా వేశాడో!" అంది.

"ముడి వెయ్యడం కూడా ఒక గొప్పేనా? బూటు లేసు నేనూ కట్టుకుంటా," అన్నారు మాస్టారు.

"మీది రోజుకి నాలుగుసార్లు ఊడుతుందిగా," అంది ఆవిడ, ఫోటో అంచు సరిచేస్తూ.

ఆ రోజు అంటుకున్న కడుపుమంట మళ్ళీ ఆరలేదు. ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఆ ఉంగరాల జుట్టు ఆయన వంక చూసి నవ్వేది. చల్లటి మంచినీళ్ళు తాగడం కూడా మానేశారు. దానికి తోడు ఆవిడ ఈ మధ్య సెలవు దొరికితే చాలు, అక్క ఇంటికని వెళ్ళిపోతోంది. వచ్చేటప్పుడు మొహం ఎర్రగా కందిపోయి ఉంటుంది, నోట్లో ఏదో కూనిరాగం ఉంటుంది. పడుకునే ముందు అరచేతులకు శ్రద్ధగా ఏదో క్రీము రాసుకుంటోంది. ఇన్నేళ్ళ కాపురంలో లేని క్రీము ఇప్పుడెందుకు? ఎవరి కోసం? మాస్టారు అడగలేదు. అడిగితే జవాబు వస్తుందేమోనని భయం.

సరే, ఆ ఉదయం ఇంటికొచ్చేసరికి వీధి తలుపు మూసి ఉంది, తట్టినా ఎవరూ తియ్యలేదు. అక్క ఇంటికే వెళ్ళి ఉంటుందనుకుని, కాళ్ళు కడుక్కుందామని పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళారు. అక్కడ, తడి మట్టిలో, అచ్చు గుద్దినట్టు కనిపించింది బూటు జాడ. డిపార్ట్‌మెంటు బూటు. మగవాడి సైజు.

మాస్టారు గొంతుక్కూర్చున్నారు. వృత్తి ధర్మం కదా, కళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. జాడ వంటగది తలుపు నుంచి బయటికి ఉంది. లోపలికి వచ్చిన జాడ లేదు. అంటే? ఆ మనిషి రాత్రి వర్షానికి ముందే లోపలికి వచ్చాడు, వర్షం వెలిశాక బయటికి వెళ్ళాడు! భార్య చెప్పుల జాడ ఎక్కడా లేదు. బూటు జాడ మాత్రం మామూలు కన్నా లోతుగా దిగింది. అది ఒక మనిషి బరువు కాదు. అంటే ఆమెను ఎత్తుకుని వెళ్ళాడు! చేతుల మీదా, భుజం మీదా అన్నది ఒక్కటే ఆయన తేల్చుకోలేకపోయారు.

"ఎడమ మడమ బయటివైపు అరిగింది. బాతు నడక వెధవ! ఏం చూసి మురిసిపోయిందో," అని పళ్ళు నూరారు.

జాడ పెరటి కంచె దాటి నేరుగా అడవిలోకి పోతోంది. ఇక్కడొక చిక్కుంది. ఆ పార్కులో బాట వదిలి లోపలికి అడుగు పెట్టాలంటే ఎంతటి రేంజరైనా వాకీటాకీలో కారణం చెప్పి తీరాలి. మాస్టారు బటన్ నొక్కారు.

కంట్రోల్ రూంలో ఉండే ఆవిడను అందరూ రేడియో అక్క అంటారు. "చెప్పండి మాస్టారూ," అంది.

"అనుమానితుడి జాడ దొరికింది. వెంబడిస్తున్నా."

"ఏదైనా ఎత్తుకుపోతున్నాడా?"

మాస్టారు ఆ లోతైన జాడ వంక చూశారు. "అవును."

"ఏంటి, కలపా? ఏనుగు దంతాలా?"

"అంతకంటే విలువైంది. ఇంకేం అడక్కు తల్లీ. వాడు మన డిపార్ట్‌మెంటు బూట్లే వేసుకున్నాడు."

రేడియో అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇంటిదొంగ! దంతాలకంటే విలువైన సరుకు! వెంటనే పార్కు మొత్తానికి అధికారి అయిన పెద్దాయనకు చెప్పింది. ఆయన గొంతు అందరి సెట్లలోనూ ఖంగున మోగింది. "నేను లోయ దగ్గర వాలంటీర్ల పరీక్షలో ఉన్నా. గేట్లన్నీ మూసెయ్యండి. మాస్టారికి కుక్కని పంపండి. మాస్టారూ, నియమం గుర్తుందిగా? కేసు తెరిచినవాళ్ళే ముయ్యాలి. ఏం తేలిందో మీ గొంతుతో రేడియోలో చెప్పేదాకా ఒక్క గేటు కూడా తెరవం."

గేట్లు మూతపడ్డాయి. బయట బస్సుల మీద బస్సులు ఆగాయి, హారన్లు అడవిలోకి వినిపించాయి. మాస్టారికి చీమ కుట్టినట్టయినా లేదు. ఇంతలో కుక్కను తీసుకుని దాన్ని చూసుకునే గార్డు పరుగున వచ్చాడు. కుక్క బూటు జాడను వాసన చూసింది, ముక్కు పైకెత్తింది, గిర్రున తిరిగి మాస్టారి ప్యాంటు పట్టుకుంది.

"ఛీ, వదులు! దీనికి బుద్ధి లేదా?"

"ఇప్పటిదాకా ఎప్పుడూ పొరపాటు పడలేదండీ," అన్నాడు గార్డు, మాస్టారిని ఎగాదిగా చూస్తూ.

మళ్ళీ వాసన చూపించారు. మళ్ళీ ప్యాంటే పట్టుకుంది. "జలుబు చేసినట్టుంది, తీసుకుపో!" అని కసిరి, చిరిగిన ప్యాంటుతోనే ముందుకు నడిచారు మాస్టారు. గార్డు మాత్రం పోలేదు. కుక్క మాటా మాస్టారి మాటా తూకం వేసుకుని, కొంచెం దూరంలో వెనకే వచ్చాడు.

జాడ లోయ వైపు తిరిగింది. పెద్దాయన లోయ దగ్గరే పరీక్ష పెడుతున్నానన్నారు కదా అని మీరంటారు. అనుమానం దూరిన చెవిలోకి ఇంకే మాటా దూరదు. పొదల చాటుకు చేరేసరికి ఆయనకు ముందు భార్య నవ్వు వినపడింది. ఆ వెనకే మగ గొంతు.

"భయంగా ఉందా?"

"మీరు పట్టుకుంటే నాకు భయమేంటి!"

"అయితే నా మీద భారం వేసి, అలా వెనక్కి వాలండి. వదలనుగా!"

"ఒరేయ్!" అని సింహంలా గర్జించి మాస్టారు ఒక్క దూకు దూకారు. అడవిలో పుట్టి పెరిగినంత అనుభవం ఉన్న మనిషి. తడి ఆకుల మీద దూకకూడదని కొత్తవాళ్ళకు మొదటి రోజే చెప్పే మనిషి. పొదలో నుంచి వచ్చినంత వేగంగానూ వాళ్ళిద్దరి పక్క నుంచి జారి, అంచు దాటి, కింద లోయ గోడకున్న రాతి అరుగు మీద చతికిలపడ్డారు. చీలమండ కలుక్కుమంది. ఇంకొక్క జానెడు జరిగితే పార్కుకు జాడల మాస్టారు ఉండేవారు కారు.

పైన అంచు మీద తలకాయలు వరసగా కనిపించాయి: పెద్దాయన, ఉంగరాల జుట్టు, తక్కిన వాలంటీర్లు, గార్డు, నాలుక వేలాడేసుకుని కుక్క. పెద్దాయన కిందికి తొంగిచూసి, పరీక్ష కోసం తెచ్చిన గడ్డిబొమ్మను పక్కకు నెట్టేశారు.

"ఇప్పుడు ఎవరి వంతమ్మా?" అన్నారు.

"నాదేనండీ," అంది మాస్టారి భార్య.

తలకు హెల్మెట్, నడుముకు పట్టీ, చేతికి తోలు తొడుగులు. ఒక్కో అడుగూ రాతికి తన్నిపెట్టి, తాడు మీద వెనక్కి వాలుతూ దిగివచ్చింది. వచ్చి ఆయన చీలమండకు కట్టు కట్టింది, నడుముకు పట్టీ బిగించింది. ముళ్ళు నీటుగా పడ్డాయి. మాస్టారు మాత్రం ఆమె కాళ్ళ వంకే చూస్తున్నారు. వాటికి ఉన్నవి, తాను అటక మీద పారేసిన పాత బూట్లు. ఎడమ మడమ బయటివైపు అరిగి ఉంది.

"ఇవి నావి," అన్నారు నీరసంగా.

"మీవే. మేజోళ్ళ మీద మేజోళ్ళు తొడుక్కుంటే సరిపోయాయి. ఈ తాళ్ళ సంచీ మోసుకుంటూ పొద్దున్నే వచ్చా. లాగండీ!" అని పైకి కేకేసింది.

తాడు కదిలింది. ఇద్దరూ సగం దూరం లేచారు. అప్పుడు ఆమెకు ఏదో తట్టింది.

"ఆపండి!"

తాడు ఆగింది. క్షతగాత్రుడి పక్కనున్నవాళ్ళు ఏది చెబితే అది పైవాళ్ళు వినాలి, పెద్దాయనైనా సరే. మాస్టారు గాల్లో మెల్లగా గిరగిర తిరుగుతున్నారు.

"పొద్దున్నుంచీ మీరు వెంబడిస్తున్న అనుమానితుడు ఎవరు?"

"ముందు పైకి వెళ్దాం పద."

"చెప్తేగాని వెళ్ళం."

"పెరట్లో మగవాడి జాడ కనబడిందే. వాడి జాడే ఉంది, నీది లేదు. నేనేమో..." మాస్టారు రెండు చేతులతో తాడు పట్టుకున్నారు. "నన్నొదిలేసి వాడితో వెళ్ళిపోయావనుకున్నా. ప్రాణం పోయినట్టయింది."

ఆమె మొహంలో కోపం, నవ్వు, ఏడుపు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. చివరికి కోపమే నెగ్గింది. "వెళ్ళిపోయేదాన్నయితే మీ పాత బూట్లేసుకుని వెళ్తానా? తాళ్ళతో మనుషుల్ని కాపాడే ఈ జట్టులో చేరతానని పోయినేడు అడిగాను. స్టూలెక్కితే కళ్ళు తిరిగే మనిషివన్నారు. అన్నది చాలక ఆఫీసులో అందరికీ చెప్పి నవ్వించారు. ఎంత ఏడ్చానో మీకేం తెలుసు? పాసయ్యాకే చెబుదామని అక్క పేరు చెప్పి వస్తున్నా. అరచేతులు చూడండి, తాడు ఒరుసుకుని ఎలా బొబ్బలెక్కాయో!"

మాస్టారు ఆ అరచేతులు చూశారు. ఆ క్రీము గుర్తొచ్చి తల తాడుకేసి కొట్టుకున్నారు. మెత్తటి తాడు, ఏమీ కాలేదు. "తప్పయిపోయిందే," అన్నారు.

"నాకు కాదు, రేడియోకి చెప్పండి. బస్సులన్నీ ఆగిపోయాయి."

"ఇక్కడి నుంచా?"

"ఇక్కడి నుంచే."

మాస్టారు పైకి చూశారు. ఉంగరాల జుట్టువాడు తాడు పట్టుకుని, ఎటు చూడాలో తెలియక ఆకాశంలోకి చూస్తున్నాడు. బటన్ నొక్కక తప్పలేదు.

"జాడల మాస్టారు మాట్లాడుతున్నా. కేసు మూసేస్తున్నా."

"అనుమానితుడు దొరికాడా?" అంది రేడియో అక్క ఆత్రంగా. గేట్ల దగ్గరా, చెక్‌పోస్టుల్లోనూ, క్యాంటీన్లోనూ అందరూ సెట్లు చెవికి ఆనించుకున్నారు.

"అనుమానితుడు... మా ఆవిడ."

పైన గార్డు కుక్క తల నిమిరాడు.

"మరి ఎత్తుకుపోయిన విలువైన వస్తువు?"

"అదీ మా ఆవిడే."

రేడియో అక్క పుస్తకంలో రాసుకుంది. నవ్వు ఆపుకోడానికి ఆమె పడుతున్న అవస్థ పార్కంతా విన్నది. "నమోదు చేశా మాస్టారూ. గేట్లు తెరవండి!"

"ఇప్పుడు లాగండీ," అంది భార్య. ఆమె గొంతు కాస్త మెత్తబడింది. విలువైన వస్తువన్న మాట ఏ ఇల్లాలికి చేదు? అదీ పార్కంతా వినేలాగా!

పెద్దాయన ఆమెను అక్కడికక్కడే పాస్ చేశారు. "బొమ్మతో పరీక్ష పెడితే ఏం లాభం? అది ఇలా గిలగిల్లాడదు, ఇలా అరవదు," అని మెచ్చుకున్నారు. ఆ మాటతో ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది. చీలమండ నయమయ్యాక ప్రతి శిక్షణ రోజూ లోయలో వేలాడే క్షతగాత్రుడి పాత్ర మాస్టారిదే అయింది. ఆయన కాదనలేదు. కాదనే హోదా ఆయనకు ఇంకా తిరిగి రాలేదు.

పైన ఆవిడా, ఉంగరాల జుట్టువాడూ పక్కపక్కనే నిలబడి, ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ ఉంటారు. కింద మాస్టారు గాల్లో నెమ్మదిగా తిరుగుతూ ఆ నవ్వులన్నీ వింటూ ఉంటారు. తాడు వాళ్ళ చేతుల్లో ఉన్నంతసేపూ ఆయనకు ఎవరి మీదా ఏ అనుమానమూ రాదు.