పంటినొప్పి కన్నా అగ్నిప్రమాదం మేలు

ఆటిజం ఉన్న మనిషి ఇంట్లో ఉంటే ఆ ఇల్లు అప్పుడప్పుడూ అంటుకుంటూ ఉండాలి. కంగారు పడకండి, అనుభవం మీద చెబుతున్నాను. పంటినొప్పి లాంటి చిన్నాచితకా కష్టాలు మాత్రం పగవాళ్ళకి కూడా వద్దు!

మా ఆడపడుచుకి ముప్ఫయ్యేళ్ళు. ఆటిజం. గట్టి చప్పుళ్ళు పడవు, చెప్పకుండా ముట్టుకుంటే అసలే పడదు. ఏదడిగినా కాసేపు ఆలోచించి, నిజం చెప్పేస్తుంది. ఈ చివరి గుణం వల్ల బంధువులు మా ఇంటికి రావడం తగ్గించారు. అందుకు నేనేమీ కుమిలిపోవడం లేదు లెండి.

ఆమధ్య మా పొయ్యి మీద మూకుడు అంటుకుంది. అందరూ కేకలు పెట్టేసరికి తను బాత్రూములో దూరి గడియ పెట్టుకుంది. ఇక చూడండి, మావారు, పక్కింటావిడ, పైవాటా పెద్దాయన కలిసి తలుపు బాదుడు! "తియ్యి! తియ్యమ్మా! తియ్యవేం?" అంత ప్రేమగా గుద్దుతుంటే ఎవరైనా తీస్తారా?

ఫైరింజన్ వచ్చింది. ఫోన్లో నేను తన సంగతి చెప్పానని సందు మొదట్లోనే సైరన్ కట్టేసి మరీ వచ్చింది! ఒక ఫైర్‌మ్యాన్ మా బృందాన్ని కిందికి తోలేశాడు. నేను మాత్రం కదల్లేదు. ఆయన బాత్రూము ముందు నేలమీద కూర్చున్నాడు.

"నేను ఫైర్‌మ్యాన్‌నండీ. వంటింట్లో పొగ ఉంది. తలుపు తీస్తారా?"

అడిగి, నోరు మూసుకున్నాడు! ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగిన మగవాణ్ణి చూడటం నా కాపురంలో అదే మొదలు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

గడియ తీసిన చప్పుడైంది.

"బూట్లతో ఇంట్లోకొచ్చారేం?" అంది మా ఆడపడుచు.

"డ్యూటీలో విప్పకూడదండీ."

"అయితే సరే" అని చక్కా కిందికి దిగింది.

"ఏం మంత్రమేశావయ్యా?" అన్నాను.

"ఆటిజం ఉన్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో ట్రైనింగమ్మా. ఎమర్జెన్సీ వాళ్ళందరికీ ఇస్తున్నారు."

ఇల్లు అంటుకుంటే ఇంత మర్యాద! మరి పన్ను సలిపితే?

అదీ జరిగింది. పళ్ళ క్లినిక్కులో లైటు కళ్ళలో కొట్టారు, నర్సు చెప్పాపెట్టకుండా చేతులు పట్టేసుకుంది. "నోరు తెరువు! ఇంకా పెద్దగా! భయమెందుకు?" అని డాక్టరు, అసిస్టెంటు చెరోవైపు నుంచి అందుకున్నారు. తను పళ్ళు బిగించేసింది. "కోఆపరేట్ చెయ్యడం లేదండీ" అని డాక్టరు పంపించేశాడు. ఇంకో క్లినిక్కులోనూ ఇదే వరస. చెంప బూరెలా ఉబ్బి, మెతుకు నమల్లేక, చల్లటి పాలు తాగి పడుకుంటోంది.

ఏం చెయ్యను? ఫైర్ స్టేషనుకి ఫోన్ చేశాను.

"ఎక్కడ అంటుకుందమ్మా?"

"ఎక్కడా అంటుకోలేదు బాబూ. పన్ను పీకించాలి."

"అది మా డ్యూటీ కాదమ్మా."

"పోనీ, కొంచెం అంటిస్తే?"

ఫోన్ పెట్టేశారు.

చేసేది లేక మళ్ళీ మొదటి డాక్టరు దగ్గరికే వెళ్ళాం. ఒక్కసారి నెమ్మదిగా అడిగి చూడండి, మీరూ ఆ ట్రైనింగేదో తీసుకోండి అని బతిమాలాను.

"అవన్నీ ఎమర్జెన్సీ వాళ్ళకండీ. మాకెందుకు?" అన్నాడు.

మా ఆడపడుచు చెంప పట్టుకుని ఆలోచించింది.

"డాక్టరుగారూ, మీ క్లినిక్కు ఎప్పుడు అంటుకుంటుంది?"

తనకది ఉత్త ప్రశ్న. ఆయనకి మాత్రం బెదిరింపులా వినపడింది. "పోలీసుల్ని పిలుస్తాను!" అని ఫోనందుకున్నాడు.

"పిలవండి బాబూ, తొందరగా పిలవండి!" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆ ట్రైనింగ్ పోలీసులకి కూడా అయిందట. ఒక్క కానిస్టేబులొచ్చి నెమ్మదిగా అడిగితే చాలు, పన్ను వచ్చేసినట్టే!