మూడు గంటలకే మోగిన శంఖం

ఆ ఉదయం ఫువాతినో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆమె చదివే ఏడో తరగతిలో పిల్లలంతా తలా ఒక కవిత రాసి, చదివి, దాని గురించి నాలుగు మాటలు చెప్పి, ఫోన్లో పాడ్‌కాస్ట్ చెయ్యాలి. సాయంత్రానికి అన్నీ రాజధాని ఆపియాకు పంపాలి. ఆమె కవితకు ముందు ఒక్కసారి శంఖం మోగాలి. అంతే.

చిక్కల్లా కవితతోనే వచ్చింది. పొద్దుగూకే వేళ శంఖం మోగితే ఊరంతా ఇళ్లకు చేరాలి. రెండో శంఖానికి ప్రార్థన, మూడో శంఖానికి విడుదల. దాన్నే సా అంటారు. ఈలోగా రోడ్డెక్కినవాడు ఎవడైనా జరిమానాగా ఒక పందిని సమర్పించుకోవాల్సిందే. శంఖం మోగాక గడియారం చూడకూడదని కూడా ఊరిపెద్ద వాయిఫలే కట్టడి చేశాడు. చేసి, తన ఎర్ర బండిలో రోజూ సా వేళకే దర్జాగా పోతుంటాడు! కాపలా కుర్రాళ్ల నాయకుడు సెమీసీ, అంటే ఫువాతినో అన్న, ఆ సమయానికి తలెత్తి చుక్కలు లెక్కపెడుతుంటాడు. ఆమె కవిత ఆ బండి మీదే.

"పెద్దయ్యగారు అది తీసెయ్యమన్నారమ్మా," అంది అసెనాతి టీచరు నసుగుతూ. "బదులుగా కొబ్బరి చెట్టు మీద రాయరాదూ?"

"కొబ్బరి చెట్టు నాకేం అన్యాయం చేసింది టీచర్?"

ఫువాతినోకు ఒళ్లు మండిపోయింది. కవిత తీసే ప్రసక్తే లేదు.

మధ్యాహ్నం మూడింటికి స్నేహితురాలు మతాలేనా శంఖం పట్టుకొచ్చింది. రోజూ దాన్ని ఊదే ఆమె తాత చేపలకు పోయాడు. బడిలో మైకు లేదు కాబట్టి ఇద్దరూ చర్చిలో దూరారు. కప్పు మీది లౌడ్‌స్పీకరు మీట వేసే ఉందని చూసుకోలేదు. పైగా వానమబ్బు కమ్మి పట్టపగలే చీకటి పడింది.

మతాలేనా ఊదింది. వాలీబాల్ ఆడేవాళ్లు బంతి వదిలేసి ఇళ్లకు పరుగెత్తారు.

"చివర్లో పిల్లికూతలా వచ్చిందే. ఇంకోసారి!"

ఇంకోసారి ఊదింది. ఇంటింటా ప్రార్థన గీతాలు మొదలయ్యాయి. బస్సు రోడ్డు పక్కన ఆగిపోయింది. మతాలేనా బయటికి తొంగిచూసి గుండెలు బాదుకుంది.

"చచ్చాం! ఊరంతా సాలో కూర్చుందే!"

"మూడోది ఊదెయ్యవే, వదిలిపోతుంది!"

మతాలేనా ఊదితే భయంతో ఉత్త గాలే వచ్చింది. ఫువాతినో ఊదితే అదీ రాలేదు. అప్పుడామెకు బుర్ర వెలిగింది. తిట్టడానికైనా ఎవరూ గడప దాటలేరు!

"ఫోన్ నొక్కు. చదివేస్తాను."

"పిచ్చా నీకు? పెద్దయ్య తోలు వలుస్తాడు!"

"వలవనీ. ఊరు ఊరంతా నోరు మూసుకుని వినే రోజు నాకు మళ్లీ రాదు."

మైకు ముందు నిలబడి గొంతెత్తింది.

"శంఖం మోగితే కుక్క కూడా మొరగదు,
ఎర్ర బండికి మాత్రం చెవుల్లేవు.
అన్నలారా, చుక్కలు చాలు,
ఒక్కసారి రోడ్డు చూడండి!"

ఆఖరి మాట ముగియకముందే ఎర్ర బండి రంకెలు వేస్తూ చర్చి వైపు దూసుకొచ్చింది. శంఖం విని రోడ్డు మీద కాపలాకు నిలబడ్డ సెమీసీ అలవాటుగా తలెత్తాడు. మబ్బులో ఒక్క చుక్కా లేదు. కర్ర అడ్డం పెట్టాడు.

"తప్పుకోరా! మూడింటికి సా ఏమిట్రా, నీ బొంద!" అని అరిచాడు వాయిఫలే.

"శంఖం మోగాక గడియారం చూడకూడదని తమరే చెప్పారు కదండీ," అన్నాడు సెమీసీ. కర్ర మాత్రం తియ్యలేదు.

తాత వచ్చి మూడో శంఖం ఊదాకగానీ ఊరికి విడుదల దొరకలేదు. వెంటనే పెద్దలు కొలువుదీరారు.

"అది దొంగ శంఖం! నాకు జరిమానా ఏమిటి? ఈ పిల్లకు వెయ్యండి!" అన్నాడు వాయిఫలే.

ఫువాతినో పెద్దల ముందుకొచ్చి నిలబడింది. తల దించలేదు.

"వెయ్యండి పెద్దయ్యా. ఊదించింది నేనే. దొంగ శంఖం కాబట్టి ఇవాళ్టి మీ తప్పు కొట్టేద్దాం. మరి రోజూ మోగే అసలు శంఖాల లెక్క ఇప్పుడే చూద్దామా?"

పెద్దలందరికీ ఒక్కసారే దగ్గు వచ్చింది. వాయిఫలే తన పందుల దొడ్డి వైపు చూసి వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

"ఆలోచిస్తే... ఇవాళ్టి శంఖం పద్ధతిగానే మోగింది," అన్నాడు.

వాయిఫలే ఇచ్చిన ఒక్క పందితో వ్యవహారం తెగింది. కవిత ఒక్క మాట కూడా తగ్గకుండా ఆ సాయంత్రమే ఆపియాకు వెళ్లింది. చివర్లో ఫువాతినో అతికించిన ఆ పంది అరుపు ఎంతో సహజంగా కుదిరిందని అక్కడివాళ్లు మెచ్చుకున్నారట.