విక్టరీ బార్‌కు తాళం పడిన రోజులు

యుద్ధమంత మంచిది మరొకటి లేదు! తిట్టుకోకండి. బరంపురంలో సంసారం చేస్తున్నదాన్ని, ఆలోచించే రాస్తున్నాను.

మా గేట్ బజార్ వెనక సందులో విక్టరీ బార్ ఉంది. తెల్లదొరల కాలంలో, అప్పటి ప్రపంచ యుద్ధంలో సోల్జర్ల కోసం తెరిచారట. దాన్ని మూయించమని మా వీధి ఆడవాళ్లం ఎన్ని ఆఫీసులు తిరిగామో! వెళ్లినప్పుడల్లా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అది చారిత్రక కట్టడమమ్మా, ముట్టుకోకూడదు అని పంపేసేవారు. నిజమే కదా! చరిత్ర రోజూ సాయంత్రం మా గుమ్మాల ముందే దొర్లుతుంటే మేమెలా కాదంటాం?

ఇంతలో సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం ఆర్డర్ వచ్చింది, టీ వేళకు బార్‌కు తాళం పడింది. తాగినవాడి నోట దేశ రహస్యాలు జారిపోతాయట!

ఎంత ముందుచూపు! రామయ్యపట్నం నుంచి మాకు చేపలు తెచ్చే అప్పలనర్సమ్మ మొగుడు మసేనునే చూడండి. ఏ దిక్కున వల వేస్తే చందువలు పడతాయో సొంత తమ్ముడికే చెప్పడు. అలాంటివాడు తాగి శత్రువుకు చెప్పేస్తే దేశం ఏమైపోవాలి?

అంతకు ముందు ఆమె గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంటే, అతను బార్‌లో కూర్చుని చరిత్రను కాపాడేవాడు. తరచూ ఆమె బుగ్గ కమిలి ఉండేది. పడవ అంచు తగిలిందనేది. వాళ్లలో ఆడవాళ్లు పడవెక్కరని మా వీధంతటికీ తెలుసు.

తాళం పడ్డాక గంప అతని నెత్తికెక్కింది. గ్లాసు ఎత్తగానే గంగమ్మకు నాలుగు చుక్కలు చిలకరించడం అతని అలవాటు. ఇప్పుడు ఇంట్లో అంబలి తాగబోతూ కూడా చిలకరిస్తున్నాడట.

"అంబలి సుక్కలు సూసి గంగమ్మ కూడా నవ్వుకుంటాదమ్మగోరూ" అంది అప్పలనర్సమ్మ. ఆమె పళ్లు అంత తెల్లగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత శాంతి వచ్చింది. వీధిలో టపాకాయలు కాల్చాం, స్వీట్లు పంచుకున్నాం. ఆ సాయంత్రమే విక్టరీ బార్‌కు సీరియల్ లైట్లు కట్టారు. చరిత్ర మళ్లీ మొదలైంది!

నిన్న అప్పలనర్సమ్మ ఒక్కతే వచ్చింది. కొంగు బుగ్గ మీదికి లాక్కుంది. పడవ అంచేనా అని నేనడగలేదు. చేప పొలుసు గీస్తూ, తలెత్తకుండా తనే అడిగింది:

"అమ్మగోరూ, ఆ యుద్దం మల్లీ ఎప్పుడొస్తాదో పేపర్లో ఏటైనా రాసినారేటి?"