బెన్నాసర్ మాస్టారి ఎనిమిది కిలోమీటర్లు

బుధవారం పొద్దున్న బెన్నాసర్ మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. బడి తలుపులకు వేయగా మిగిలిన ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకుని గాడిదను తోలుకుంటూ ఏటి ఒడ్డుకు వెళ్లాలి. తలకాయంత రాళ్లు ఏరి, వాటి నెత్తిన ఎర్ర రంగు పూసి, దారి పొడవునా గుర్తులుగా పెట్టుకుంటూ పోవాలి. బడి దగ్గర మొదలై, ఏటి లోయ వెంబడి నడిచి, దేవదారు అడవిలో చుట్టు తిరిగి మళ్లీ బడికే చేరే ఎనిమిది కిలోమీటర్ల దారి అది. మధ్యాహ్నం భోజనానికల్లా ఇంటికి వచ్చేయొచ్చని అనుకున్నాడు.

ఆ దారి అతని మేనకోడలు తూదా కోసం. ఐత్ హర్జా ఊళ్లో పుట్టి పెరిగిన ఈ పదిహేడేళ్ల పిల్ల మేకల వెంట పరిగెత్తీ పరిగెత్తీ ఇప్పుడు మేకలకే అందకుండా తయారైంది. పట్నంలో పరుగుల శిక్షణ కేంద్రం నడిపే సుఆద్ అనే ఆవిడ ఆదివారం వచ్చి చూస్తానంది. "మీ కొండల్లో ఎనిమిది కిలోమీటర్లు ముప్పై అయిదు నిమిషాల్లోపు పరిగెత్తితే పిల్లను తీసుకుపోతాను. చదువు, తిండి, బట్ట అన్నీ మావే. పరిగెత్తలేకపోతే మళ్లీ మళ్లీ రావడానికి నాకు తీరిక లేదు," అని ఫోన్లో నిక్కచ్చిగా చెప్పేసింది. పద్దెనిమిది నిండితే కేంద్రంలో చేర్చుకోరు. తూదాకు పద్దెనిమిది నిండడానికి ఇక నెలన్నరే ఉంది.

ఈ సంగతి ఊళ్లో తెలిసినవాళ్లు ముగ్గురే. మాస్టారు, తూదా, తూదా తల్లి ఇత్తో. నాలుగోవాళ్లకు తెలియకూడదని ఇత్తో తమ్ముడి చేత ఒట్టు వేయించుకుంది.

"దిష్టి తగులుతుంది తమ్ముడూ. పని అయ్యేదాకా నోరు విప్పావంటే ఊరుకోను. కిందటేడు మా ఆవు ఈనబోతోందని నువ్వు కొట్లో కూర్చుని చెప్పావు. ఏమైందో గుర్తుందా?"

"దూడ పుట్టింది కదక్కా."

"కుంటిది పుట్టింది!"

కాబట్టి బుధవారం నాడు, చేతులనిండా ఎర్ర రంగుతో ఏటి ఒడ్డున వంగి ఉన్న మాస్టారికి వెనకనుంచి మొఖద్దం జాయిద్ గొంతు వినబడగానే గుండె జారిపోయింది. మొఖద్దం అంటే ఊళ్లో సర్కారువారి కన్నూ చెవీ. నోరు కూడా తనే అని జాయిద్ నమ్మకం.

"ఏంటి మాస్టారూ, రాళ్లకి పెళ్లి చేస్తున్నారా?" అన్నాడు జాయిద్ కంచరగాడిద దిగకుండానే.

"ఏం లేదండీ. ఊరికే."

"ఊరికే ఎవడైనా రాయికి ఎర్ర రంగు పూస్తాడా? పైవాళ్లు చెప్పారా?"

మాస్టారికి అబద్ధం చెప్పడం చేతకాదు. నిజం చెప్పడానికి అక్క ఒట్టు అడ్డం. "ఆదివారం పట్నంనుంచి ఒకావిడ వస్తోందండీ. ఆవిడ చూసుకునేది ఈ దారే. అంతకు మించి నన్నేమీ అడక్కండి. మీ గడ్డం పట్టుకుంటా, ఎవరితోనూ అనకండి."

జాయిద్ కళ్లు మెరిశాయి. పదకొండేళ్ల కిందట రోడ్డు ఇంజినీర్లు వచ్చి సరిగ్గా ఇలాంటి ఎర్ర రాళ్లే పెట్టారు. రెండు గొర్రెలు తిన్నారు, చేతులు కడుక్కున్నారు, మళ్లీ కనబడలేదు. వాళ్లు పెట్టిన రాళ్లలో మూడు ఇప్పటికీ ఏటి గట్టున ఉండే రఖియా పొయ్యి కింద ఉన్నాయి. ఎర్ర రాయి అంటే రోడ్డు అని ఐత్ హర్జాలో పసిపిల్లలకు కూడా తెలుసు. పైగా రహస్యమట! సర్కారు రోడ్డు సంగతి రహస్యంగా ఉంచిందంటే ఈసారి నిజంగా వేస్తుందన్నమాట.

జాయిద్ మాట నిలబెట్టుకున్నాడు. ఎవరితోనూ అనలేదు, ఒక్క పెళ్లాంతో తప్ప. ఆవిడా ఎవరితోనూ అనలేదు, చెలమ దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఏడుగురితో తప్ప. సాయంత్రం నమాజు వేళకు ఊరంతటికీ తెలిసిపోయింది. మాస్టారికే తెలియలేదు.

గురువారం పొద్దున కొట్టు మిమూన్ కట్టెలకని బయలుదేరాడు. అతని కొట్టు ఊరికి ఎగువన గుట్ట మీద ఉంది. రోడ్డు కింద లోయలో పోతే అతని పంచదారా టీ ఆకూ ఎవరు కొంటారు? నాలుగు రాళ్లు సంచిలో వేసుకుని గుట్ట మీదకి చేర్చాడు. రఖియా బాధ వేరు. రాళ్లు ఆమె అక్రోటు చెట్ల పక్కనుంచే పోతున్నాయి. రోడ్డు వస్తే చెట్లు పోతాయని భయపడి, ఆమె తన గట్టు మీద రాళ్లన్నీ ఏటికి అవతలి ఒడ్డుకు చేరవేసింది. శుక్రవారం జాయిద్ ప్రభుత్వ హోదాలో పర్యవేక్షణకు వెళ్లి, ప్రజల సౌకర్యార్థం దారిని తన బావమరిది పిండిమర మీదుగా తిప్పాడు. ఆ మర వేరే కొండ మీద ఉంది. తక్కినవాళ్లు కూడా గడ్డికనీ పుట్టగొడుగులకనీ అడవిలోకి వెళ్లి, చంకలో ఏదో బరువుతో తిరిగి వస్తూ ఒకరికొకరు ఎదురుపడినప్పుడు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

మాస్టారు ఆ రెండు రోజులూ బడి పనిలో మునిగి, శనివారం వేకువనే సుఆద్‌ను తీసుకురావడానికి పట్నం వెళ్లిపోయాడు కాబట్టి ఇదేమీ చూడలేదు. ఆదివారం ఉదయం సుఆద్‌నూ, ఆమె దగ్గర శిక్షణ పొందుతున్న ఇద్దరమ్మాయిలనూ వెంటబెట్టుకుని వంతెన దగ్గర వ్యాన్ దిగి నడిచి వచ్చేసరికి ఊరు ఊరంతా శుభ్రమైన పొడుగు అంగీలు, జెల్లాబాలు, తొడుక్కుని దారికి రెండు పక్కలా నిలబడి ఉంది. బాటలు ఊడ్చి నీళ్లు చల్లారు. ఆడవాళ్లు పెళ్లిళ్లలో వేసినట్టు నాలుక ఆడిస్తూ కీచుగా ఊళలు వేసి స్వాగతం చెప్పారు.

జాయిద్ ముందుకు వచ్చి గుండె మీద చేయి వేసుకున్నాడు. "అమ్మా, పదకొండేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాం."

"నా కోసమా?" అంది సుఆద్.

"ఇంకెవరి కోసం తల్లీ! గర్భిణీ స్త్రీలు, ముసలివాళ్లు, అందరికీ మీరే దిక్కు."

సుఆద్ కదిలిపోయింది. "మాస్టారూ, పరుగు మీద ఇంత అభిమానం ఉన్న ఊరు నేనెక్కడా చూడలేదు," అంది చెవిలో. అక్క మీద గట్టి అనుమానంతో మాస్టారు ఇత్తో వైపు చూశాడు. ఇత్తో అంతకన్నా గట్టి అనుమానంతో తమ్ముడి వైపు చూసింది.

ముగ్గురమ్మాయిలు వీపున అంకెలున్న బనియన్లు తొడుక్కుని గీత దగ్గర నిలబడ్డారు. "ఎర్ర రాళ్లు వదిలి అడ్డదారిన పోయినవాళ్లు పోటీలో లేనట్టే," అని చెప్పి సుఆద్ చేతి గడియారం నొక్కింది.

బడి అరుగు మీదనుంచి చూస్తే లోయంతా కనబడుతుంది. పిల్లలు కిందకి, ఏటి వైపు దిగాలి. దిగలేదు. మూడు చుక్కలూ గుట్టెక్కి మిమూన్ కొట్టు వైపు పోతున్నాయి. మాస్టారు కళ్లు నులుముకున్నాడు. చుక్కలు గుట్ట దిగి, ఏరు దాటి, ఏటి అవతల కొండ ఎక్కాయి, మర చుట్టూ తిరిగాయి, మళ్లీ ఏరు దాటాయి. వాళ్లు ఎవరి వాకిట్లోకి వస్తే ఆ ఇంటి మిద్దె మీదనుంచి ఊళలు లేచాయి. రఖియా ఏటి గట్టున మజ్జిగ కుండతో కాపు కాసింది. తూదా "వచ్చేటప్పుడు తాగుతా అత్తా!" అని అరుస్తూ దూసుకుపోయింది. పట్నం పిల్లలకు అలా అనవచ్చని తెలియదు. చెరో గిన్నె మజ్జిగా, బార్లీ రొట్టే అయ్యేదాకా రఖియా వదిలిపెట్టలేదు.

ముప్పై అయిదు నిమిషాలు దాటాయి. తూదా అప్పుడే అడవిలోంచి బయటపడి మూడోసారి కొండెక్కుతోంది. సుఆద్ పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. ఇత్తో ఓణీ కొంగు నోట్లో కుక్కుకుంది. మాస్టారు జాయిద్‌ను గోడ చాటుకు లాక్కుపోయాడు.

"నా రాళ్లు ఎవరు కదిపారు?"

"నేను రెండంటే రెండే జరిపాను మాస్టారూ, ప్రజల కోసం," అన్నాడు జాయిద్.

"నేను ఒకటే," అన్నాడు వెనకనుంచి మిమూన్. "అదీ కాలికి తగిలింది."

"నేనసలు ముట్టుకోలేదు, మా గొర్రె తోసింది," అంది అప్పుడే వగరుస్తూ వచ్చిన రఖియా. "అయినా రోడ్డు మా చెట్ల మీదుగా ఎందుకు పోవాలి?"

"ఏం రోడ్డు? రోడ్డు ఎక్కడిది? అది పిల్ల పరిగెత్తే దారి!"

మిమూన్ బుర్ర గోక్కున్నాడు. చివరికి అతనే అడిగాడు. "ఎవరైనా తరుముతున్నారా?"

మాస్టారు విషయమంతా చెప్పేశాడు. ఇక దాచి ఏం లాభం? రోడ్డు లేదన్న మాట కన్నా తూదా చదువు తమ వల్ల పోయిందన్న మాట ఊరివాళ్లను ఎక్కువ కుదిపేసింది. జాయిద్ మొదటిసారి ప్రభుత్వ హోదా మరిచిపోయి నేల మీద కూలబడ్డాడు.

అరవై రెండో నిమిషాన తూదా గీత దాటింది. మొహం ఎర్రగా కందింది, మోకాళ్లదాకా బురద, అయినా నవ్వుతోంది. "మావయ్యా, ఎంత బావుందో! కానీ చెప్పకుండా మార్చేశావేంటి?" అంది. మాస్టారు తల దించుకున్నాడు. తూదా నవ్వు మెల్లగా చెదిరిపోయింది. తల్లి వైపు చూసింది.

తొమ్మిది నిమిషాల తర్వాత పట్నం పిల్లలు వచ్చి బడి ముందు వెల్లకిలా పడ్డారు. ఒకమ్మాయి పడుకునే చేయి పైకెత్తింది. "మేడమ్, ఇది ఎనిమిది కాదు. మేం చచ్చిపోయాం. చూడండి." ఆ పిల్ల మణికట్టున దూరం కొలిచే గడియారం ఉంది. సుఆద్ వంగి చూసింది. పద్నాలుగు కిలోమీటర్ల మూడు వందల మీటర్లు. సంచిలోంచి పుస్తకం మళ్లీ బయటికి తీసింది, లెక్క వేసింది, కొట్టేసింది, మళ్లీ వేసింది.

"ఇదే ఊపులో అయితే ఎనిమిది కిలోమీటర్లు ముప్పై అయిదుకు లోపే," అంది మెల్లగా. "అదీ మూడుసార్లు కొండెక్కుతూ!" తర్వాత ఆమె గొంతు పెరిగింది. "అమ్మా, నీ బట్టలు సర్దుకో. ఇవాళే పోదాం."

ఇత్తో ఏడ్చింది, నవ్వింది, కూతుర్ని బురదతో సహా హత్తుకుంది. దిష్టి తీయడానికి గుప్పెడు ఉప్పు కోసం ఇంట్లోకి పరిగెత్తి, పళ్లెం ఉప్పంతా తెచ్చి ఊరందరి చుట్టూ తిప్పింది. మాస్టారు ఏడవలేదని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. "రోడ్డు పదకొండేళ్లు రాలేదు, ఇంకో పూట ఆగుతుందిలే," అంది రఖియా, కోడిని పట్టుకోవడానికి పోతూ.

టీలు తాగుతుండగా సుఆద్ అడిగింది. "ఇంత కష్టమైన దారి వేసిందెవరు? ఇలాంటి దారి మీద తేలాక ఈ పిల్లకు ఇక ఏ పందెమూ లెక్క కాదు."

మాస్టారు నోరు తెరిచేలోపే జాయిద్ లేచి నిలబడ్డాడు. "నేనేనమ్మా. పదిహేను రాళ్లు స్వయంగా జరిపాను."

"పదిహేనా! గుట్ట మీదవన్నీ నావి. ఇరవైకి తక్కువుండవు," అన్నాడు మిమూన్.

"నడుం పడిపోయేలా ఏరు దాటించింది నేనయితే మీరెవరు?" అని రఖియా కోడితో సహా వచ్చేసింది. "నా ఒక్కదానివే పాతిక!"

తక్కినవాళ్లు ఊరుకుంటారా? సాయంత్రం తూదాను వ్యాన్ ఎక్కించి వచ్చాక కూడా ఆ తగువు తెగలేదు.

మాస్టారు బుధవారం పెట్టిన రాళ్లు మొత్తం అరవై. ఊరివాళ్లు తూదా కోసం జరిపినవి, సోమవారం పొద్దుటికి, నూట తొంభై నాలుగు.