కోలుకోవడానికి మూసిన బడి

భూమ్మీద జబ్బుపడి లేచేవి మూడే మూడు: మనిషి, పశువు, బడి. మొదటి రెండింటి సంగతి లోకానికి ముందే తెలుసు. మూడోదాన్ని కనిపెట్టిన ఘనత మాత్రం మా కస్బా పట్నానిది.

ప్లేగు తగ్గిన ఏడు సంగతి ఇది. ఇళ్ళలో ఎలుకలు రాలడం మొదలుకాగానే జనం తలుపులకు తాళాలు వేసి, తమ తమ చేన్లలో గుడిసెలు వేసుకొని, జబ్బు సద్దుమణిగాక తిరిగి రావడం మా వైపు ఆనవాయితీ. (మా ఇంటి ఎలుకల్లో ఒకటి మాకంటే ముందే చేనుకు చేరి, నీడ పట్టున మంచి జాగా చూసుకొని కూర్చుందంటే మీరు నమ్మరు. అందుకే చెప్పడం లేదు.) ఆ ఏడు కూడా జనం వెళ్ళారు, వచ్చారు. కానీ బళ్ళు కోలుకున్నాయా లేదా అన్నది ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడం ప్రభుత్వానికి నామోషీ కనుక ‘బళ్ళ కోలుకోలు కచేరీ’ వెలిసింది.

దానికి అధికారిగా మాణిక్యరావు గారు వచ్చారు. అంతకుముందు ఆయన పెబ్బేరు సంతలో పశువుల బేరాలు చూసేవారు. జబ్బుపడి లేచిన ఎద్దును ఆమడ దూరం నుంచే గుర్తుపట్టే మనిషికి బడి ఒక లెక్కా అని పైవారి నమ్మకం.

ఆయన కచేరీ గోడకు కస్బా పటం వేలాడదీశారు. కోలుకున్న పేటకు పచ్చ రంగు, కోలుకోని పేటకు ఎరుపు. ఎరుపు పడిన బడిని ఖర్చు దండగని మూసేయాలి. కోలుకోవడం అంటే పోయిన పిల్లలు తిరిగి రావడమని ఆయనే నిర్వచనం రాశారు. ఇక చదువు ఎంత వచ్చిందన్న సంగతికి పిల్లల నోళ్ళు తెరిపించి పళ్ళు చూసేవారు. (పలక మీది అక్షరం తుడిస్తే పోతుంది, పన్ను పోదు అని ఆయన వాదన.) ఫలితాన్ని పైకి చదివితే పక్క పేటవాళ్ళు నొచ్చుకుంటారని సంత పద్ధతిలోనే కండువా కప్పి, దాని కింద పంతులు చెయ్యి పట్టుకొని వేళ్ళు నొక్కి తెలిపేవారు.

కోటపేట బడి పిల్లలు ఒక్కరు మిగలకుండా చేన్లకు పోయారు, ఒక్కరు తప్పకుండా తిరిగొచ్చారు. ఈలోపు రెండో ఎక్కం మరిచిపోయారు, కానీ అది పళ్ళలో కనబడలేదు. అక్కడి పంతులు శేషాచార్యుల గారికి కండువా కింద అయిదు వేళ్ళూ దక్కాయి. పటం మీద కోటపేట పచ్చబడింది.

తర్వాత మాణిక్యరావు గారు వాగుగడ్డకు వచ్చారు. అక్కడున్నవారంతా కూలీలు. సొంత చేను ఉన్నవాళ్ళే కదా చేనుకు పోయేది! వీళ్ళు ఎక్కడికీ పోలేదు. యోసేపు పంతులు బడిని పాకలోంచి బయటి బండ మీదికి మార్చి, ఒక్కపూటైనా ఆపకుండా చదువు చెప్పాడు.

“ఎంతమంది పోయిన్రు పంతులూ?”

“ఎవ్వరు పోలేదయ్యా.”

“మరి తిరిగొచ్చినోళ్ళు?”

“పోనోళ్ళు యాడికెల్లి తిరిగొస్తరయ్యా?”

మాణిక్యరావు గారు జాలిగా నిట్టూర్చారు. “గట్లైతే నీ బడి కోలుకోలే.”

“అయ్యా, జర చదివించి చూడుండ్రి. గీ ఏసమ్మ వాచకం మొత్తం చదువుతది.”

“చదువుతదయ్యా, నేను కాదంటలేను. పోయి వచ్చిందా లేదా, అది చెప్పు.”

కండువా కింద ఒక్క వేలూ కదలలేదు. పంతులు ముఖం చూసి ఆయనే ఉపాయం కూడా చెప్పారు. “నీ మీద నాకేం కోపం లేదు. పడకుంట లేస్తనంటే ఎట్ల? ఒక్క నెల మూసి తెరువు. అప్పుడు పచ్చ ఇయ్యకుంటే నన్నడుగు.”

“మూస్తే పిల్లలు పోతరయ్యా!”

“పోవాల్నే గద! పోతెనే గద వచ్చేది.”

ఈ మాట వినగానే ఏసమ్మ తల్లి బాలమ్మ పంతులు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. దొరల గడిలో బర్రెలు కాయడానికి పిల్లను పంపమని దొరసాని ఎప్పటినుంచో కబురు పెడుతోంది. ‘బడికి పోతుందమ్మా’ అన్న ఒక్క మాట అడ్డం పెట్టి బాలమ్మ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది.

“బడి మూస్తే గామెకు నేనేం చెప్పాలె పంతులూ?”

“ఒక్క నెలనే గద బాలమ్మా. మూయకుంటే మొత్తానికే మూస్తరంట.”

“గామెకు నెల చాలు.”

పంతులు పాకకు తడిక కట్టాడు. ఆ మర్నాడే గడి నుంచి మనిషి వచ్చి ఏసమ్మను తీసుకెళ్ళాడు.

నెల తిరిగాక మాణిక్యరావు గారు మాట తప్పకుండా వచ్చారు. తడిక తీశారు. పిల్లలంతా వచ్చారు, ఒక్క ఏసమ్మ తప్ప. ఒక్కరు తక్కువైనా పచ్చ ఇవ్వరాదని నిబంధన. ఆయన ఎంతో నొచ్చుకొని కండువా మడత పెట్టబోతుండగా బండ పక్కనుంచి గడి బర్రెలు వచ్చాయి, వాటి వెనుక ఏసమ్మ.

“అగో! వచ్చె గద పిల్ల,” అన్నారాయన సంబరంగా. “ఇట్ల రా బిడ్డా, నోరు తెరువు.”

ఏసమ్మ నోరు తెరిచింది. పళ్ళు బాగున్నాయి. నోరు తెరిచిందే కదా అని, ఆయన చంకలోని ఉత్తర్వు మీది అక్షరాలు కూడా గడగడా చదివింది: “కోలుకోని బడి మూసివేయవలెను.” అంతలో బర్రెలు ఎవరి చేన్లోనో పడ్డాయి. ఆ పిల్ల కర్ర పట్టుకొని పరుగెత్తింది.

కండువా కింద యోసేపు పంతులుకు అయిదు వేళ్ళూ దక్కాయి. బాలమ్మ మాత్రం అధికారి వెంట వాగు దాకా నడిచింది.

“అయ్యా, బడి తెరిచిన్రు గద. నా బిడ్డను పంపుమని గడిల ఒక్క మాట చెప్పుండ్రయ్యా.”

“ఎందుకమ్మా పరేషాన్ అయితవు? నీ బిడ్డ వచ్చినట్టు రాసుకున్న గద!”

పటం మీద వాగుగడ్డ పచ్చబడింది. కస్బాలో అన్ని పేటలకంటే బాగా కోలుకున్న బడిగా దానికి మెచ్చుకోలు కూడా వచ్చింది. ఏసమ్మ ఆ బర్రెల వెంటే పెద్దదైంది. కచేరీ లెక్క ప్రకారం ఆమె బడికి తిరిగొచ్చేసింది కనుక, మళ్ళీ రమ్మని పిలిచే అవసరం ఎవరికీ కలగలేదు.