హారు తెచ్చిన మైల

భర్తను ఆఫీసుకూ కొడుకును లైబ్రరీకీ సాగనంపి, కుక్కర్‌లో పప్పు పడేసి, ఆరో పుస్తకం పూర్తి చేయాలని వాసంతి ఆ ఉదయం గట్టిగా అనుకుంది. భర్త నరహరి యూనివర్సిటీ ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు. కొడుకు కిరణ్ అదే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ. ఇద్దరూ తార్నాకలోని ఇంటి గేటు దాటగానే ఆమె తలుపు చేరవేసి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది.

డబ్బాలో ఉన్నవి కిరణ్ పుస్తకాలు. జపాను బొమ్మల కథలు, మాంగా అంటారట. కొందరు కుర్రాళ్ళు తలకు హెల్మెట్ లాంటిది తగిలించుకుని కంప్యూటర్ ఆటలోని ఒక నగరంలోకి దిగుతారు. ఆ ఆటలో చస్తే బయట కూడా చావే. "పరీక్షలు పెట్టుకుని ఈ చావుల కథలేందిరా?" అని కిందటి నెల వాసంతి వాటిని లాక్కుంది. లాక్కున్నావిడ ఊరుకోవచ్చు కదా. లోపల చూడరాని బొమ్మలేమైనా ఉన్నాయేమో చూడడం తల్లిగా తన బాధ్యత అనుకుంది. మొదటి పుస్తకం ఎడమవైపు నుంచి తెరిస్తే కథ చివర ఎదురైంది. కుడివైపు నుంచి చదవాలట. కుడివైపు నుంచి మొదలుపెట్టాక ఆ బాధ్యతను ఆమె మళ్ళీ వదల్లేదు.

అందులో హారు అని ఒక బక్కపలచని పిల్లవాడున్నాడు. కత్తి పట్టడం రాదు. ఆ మాయనగరంలో దొరికినవేవో ఏరుకొచ్చి అందరికీ వండిపెడతాడు, తనకు మాత్రం మిగుల్చుకోడు. వాడిని చూసినప్పుడల్లా ఇంత పప్పన్నం నెయ్యి వేసి కలిపి పెట్టాలని వాసంతికి చేతులు లాగేవి. ఈ సంగతి కిరణ్‌కు తెలిసిందంటే మాత్రం ఆ ఇంట్లో ఇక తన మాటకు విలువ ఉండదు. చదువుకోమంటే పకపకా నవ్వుతాడు.

ఆరో పుస్తకం చివర బురుజు కూలింది. రాళ్ళ కింద ఒక చెయ్యి, ఆ చేతిలో గరిటె.

"అయ్యో నాయనా! ఒక్క పూటైనా కడుపునిండా తినకుండానే పోతివి కదరా!" అని వాసంతి ఘొల్లుమంది.

తలుపు చేరవేసిందే గాని గడియ పెట్టలేదు. గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన ఎదురు వాటా బుచ్చవ్వ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమైంది బిడ్డా? ఎవరు పోయిండ్రు?"

వాసంతి పుస్తకాన్ని దిండు కిందికి తోసింది. కన్నీళ్ళను తోయడానికి చోటు లేదు. "హరి అని... మావైపు పిల్లోడు, అవ్వా."

"ఎంతుంటడు?"

"పదిహేడు కూడా నిండలేదు."

"అయ్యో, గింత పోరడా! ఎట్ల పోయిండు?"

"బురుజు కూలి." అబద్ధంలో వీలైనంత నిజం ఉండాలని వాసంతి నమ్మకం.

"పాత బురుజులు కూలగొట్టుండ్రి అంటే ఎవరింటరు?" అని బుచ్చవ్వ లోకాన్ని కాసేపు తిట్టి, వాసంతి వద్దంటున్నా వినకుండా నరహరికి ఫోన్ కొట్టింది.

నరహరి సెలవు పెట్టి వచ్చాడు. అతన్ని ఒంటరిగా పంపడం బాగుండదని సెక్షన్‌లోని సుందరరావు వెంట వచ్చాడు. ఖాళీ చేతులతో రావడం బాగుండదని దండ తెచ్చాడు. వేయడానికి ఫోటో అడిగాడు. లేదంది వాసంతి. ఉన్నవన్నీ దిండు కిందా, బియ్యం డబ్బాలోనూ ఉన్నాయి.

"ఏ హరి మే?" అన్నాడు నరహరి. "మీవైపు ఇన్ని పెండ్లిండ్లకు పోయినాం, ఈ హరి యాడా తగల్లేదే?"

"మా మేనత్త ఆడబిడ్డ తోడికోడలి మనవడు."

నరహరి వేళ్ళు మడిచి చూసి, అందక, ప్రొద్దుటూరులోని అక్కకు ఫోన్ చేశాడు. మైల విషయాల్లో ఆవిడ మాటే శాసనం.

"దూరమైనా చావు చావే కదరా. తలకు పోసుకోండి. ఈ పొద్దుకు పొయ్యి ముట్టించొద్దండి. రాత్రి బస్సుకు ముగ్గురూ పోయి పలకరించి రాండి."

"పిల్లోనికి రేపు పరీక్ష ఉందక్కా."

"పరీక్ష మళ్ళా వస్తాది. చావు మళ్ళా వస్తాదా?"

వాసంతి చన్నీళ్ళు తలకు పోసుకుంది. పొయ్యి వెలగని ఇంటికి బుచ్చవ్వ జొన్నరొట్టెలు తెచ్చింది, కింది వాటావాళ్ళు పెరుగన్నం తెచ్చారు. అడిగినవాళ్ళందరికీ వాసంతి హరి గుణగణాలు ఉన్నవున్నట్టు చెప్పి మళ్ళీ మళ్ళీ ఏడ్చింది. నరహరి ఫోన్లో టికెట్లు వెతుకుతూ "ఏ ఊరికి తీయాల?" అన్నాడు. ఆ ఊరు ఇంకా పుట్టలేదు.

అంతలో తండ్రి కబురందుకుని కిరణ్ పరుగున వచ్చాడు. వాకిట్లోనే బుచ్చవ్వ పట్టుకుంది.

"మీ హరి పోయిండు కొడకా! అందరికి వండిపెట్టి తను తినకపోతుండెనంట. బురుజు కూలి మీద వడ్డదంట. చేతుల గంటె గూడ ఇడువలేదంట!"

కిరణ్ ముఖంలో మొదట దిగులు, తర్వాత అనుమానం, ఆ తర్వాత ఎన్నడూ లేని వెలుగు కనిపించాయి. మెల్లగా తల్లివైపు తిరిగాడు. తడితలతో కూర్చున్న తల్లి నేలచూపులు చూసింది. పరువు తీయడానికి ఒక్క మాట చాలు. వాసంతి ఆ మాట కోసం కళ్ళు మూసుకుంది.

"హరి పోలేదు నాన్నా," అన్నాడు కిరణ్. "నాకు తెలిసింది. రాళ్ళు తీస్తే ఊపిరి ఉందట."

"నిజంగానా?" వాసంతి ఎగిరి లేచింది. ఆ సంతోషంలో నటన ఏ కోశానా లేదు. బుచ్చవ్వ కళ్ళొత్తుకుంది. నరహరి టికెట్లు వెతకడం ఆపాడు. సుందరరావు దండను ఏం చేయాలో తోచక తన స్కూటరుకు వేసుకున్నాడు.

వంటింట్లో కిరణ్ గొంతు తగ్గించి బేరం పెట్టాడు. "ఏడో బుక్కు హాస్టల్లో దయాకర్ దగ్గర ఉంది. పోయి చూసుకో. నా బుక్స్ నాకిచ్చెయ్. నేను ఎవరికీ చెప్పను."

వాసంతి డబ్బా ఖాళీ చేసింది. గుడికి పోయొస్తానని ఆటో ఎక్కి, క్యాంపస్‌లో హాస్టల్ ముందు దిగింది. కిరణ్ స్నేహితుడు దయాకర్ పుస్తకం తెచ్చి, "గిది మీకా ఆంటీ?" అని రెండుసార్లు అడిగి, జేబురుమాలు కూడా ఇచ్చాడు. "ఉంచుకోండి. అవసరం పడ్తది."

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని కుడివైపు నుంచి తెరిచింది. రాళ్ళు తీశారు. నిజమే, హారుకు ఊపిరి ఉంది. "అందరూ తిన్నారా?" అని అడిగాడు. వాసంతి పేజీ తిప్పింది. మిగతా పుస్తకమంతా వాడి అంత్యక్రియలే. కిరణ్ అబద్ధమాడలేదు, ఎంతసేపు బతికాడో చెప్పలేదంతే.

ముఖం కడుక్కుని ఆమె ఇల్లు చేరేసరికి ఇల్లంతా పండగలా ఉంది. హాల్లో కిరణ్ కాళ్ళు చాపుకుని, మొదటి పుస్తకం తండ్రి ఎదుటే బాహాటంగా చదువుతున్నాడు.

"పరీక్ష ముందర ఇవేందిరా?" అన్నాడు నరహరి.

"అమ్మ చదవమంది నాన్నా. అడుగు కావాలంటే."

వాసంతి నోరు తెరిచింది. బుచ్చవ్వ అందులో చెంచాడు పరమాన్నం పెట్టింది. "తిను బిడ్డా. మీ హరి నూరేండ్లు బతుకుతడు!"

వాసంతి మింగింది. యాలకులు కొంచెం ఎక్కువయ్యాయి గాని, చావింట్లో పెట్టినదానికి వంకలు పెట్టకూడదు.