మోకాలెత్తు బాల్యం

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ నీళ్ళకు దిగే రేవు ఒక్కటే ఉండేది. బిచ్చానికి అంతకన్నా మంచి చోటేముంది? ఒక ముసలి నక్క, మంద నుంచి తప్పిపోయిన అడవిబర్రె దూడను పట్టి తెచ్చి, దాని కాలికి తీగ చుట్టి, పైన పుండులా కనబడేలా ఎర్రటి మోదుగపూల రసం పూసి అక్కడ కూర్చోబెట్టింది. తాను పొద వెనక చేరింది.

రాత్రంతా వేటాడిన చిరుత పొద్దున్నే వచ్చి, "అయ్యో, కుంటిదూడ!" అంటూ ఓ ముక్క పడేసేది. దాంతో రాత్రి చేసిన పాపం పోతుందని దాని నమ్మకం. కొంగ చేపనిచ్చేది. అన్నీ పొద వెనక్కే పోయేవి.

"మామా, ఆకలేస్తోంది," అనేది దూడ.

"కడుపు నిండితే ఏడుపు రాదురా. ఊఁ, ఏడువు!" అనేది నక్క.

వెతికి వెతికి తల్లిబర్రె రేవుకొచ్చింది. బిడ్డ పుండు నాకితే తియ్యగా తగిలింది! ఒక్క పోటుతో నక్క పని అయిపోయేదే. కానీ అడవిలో చట్టమొకటి ఏడ్చింది కదా. పొడవకుండా సభకు పోయింది.

సభాధ్యక్షుడు ఏనుగు. పిల్లల చేత బిచ్చమెత్తిస్తే బోనులో పెట్టాలనీ, ఆ పిల్లలకు ఆశ్రమంలో తిండి పెట్టాలనీ అంతకుముందే చట్టం చేశాడు. పిల్లలంటే ఎవరన్న దగ్గర అప్పట్లో పెద్ద రగడ అయింది. "ఎగరలేనివాళ్ళు," అంది చిలుక. "అయితే నేనూ పిల్లనే," అన్నాడు ఏనుగు. చివరికి తన కాలు చూపించి, "నా మోకాలికన్నా పొట్టివాళ్ళంతా పిల్లలు" అని తేల్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు, మునిమనవలున్న కుందేలు తాత తప్ప.

దూడను తెచ్చి కాలి పక్కన నిలబెట్టారు. చెవులు మోకాలు దాటాయి.

"ఇది పెద్దదే తల్లీ. చట్టం వర్తించదు."

"ఇంకా పాలు తాగుతోందయ్యా! మీ గున్న పుట్టిన రోజే మీ మోకాలు దాటలేదా?"

"మా గున్న బిచ్చమెత్తదు కదమ్మా!" అన్నాడు ఏనుగు.

సభలో ఓ మూల నక్కి వింటున్న నక్క అక్కడితో ఊరుకుంటే బతికిపోయేది. కానీ ఆశ్రమంలో తిండి అన్న మాట చెవిన పడింది. గబగబా వెళ్ళి ఏనుగు మోకాలికి ఆనుకుని నిలబడింది. చాలా పొట్టి.

"అయ్యా, పిల్లను నేను! ఈ దుర్మార్గపు దూడ రోజూ నా చేత పొద వెనక్కి మోయలేనంత బిచ్చం మోయించింది!" అని భోరుమంది.

సభ కన్నీళ్ళు పెట్టుకుంది. "ఇంత పసివాడినా!" అంది చిరుత.

ఏనుగు తీర్పు చెప్పాడు. "ఓరి దూడా! ఇకమీదట ఈ పసివాడి ఛాయలకు రాకూడదు. బోనులో నువ్వు పట్టవు గనక నిన్ను మీ అమ్మ కాపలాలో పెడుతున్నాను. వదిలి కదిలావో, చూడు!"

తల్లిబర్రె ఆ శిక్షను మహాప్రసాదంగా అందుకుని, ముద్దాయిని నాక్కుంటూ తోలుకుపోయింది.

నక్కను ఆశ్రమానికి పంపారు. అక్కడ ఎలుగుబంటి పిన్నమ్మ తెల్లారకుండానే చన్నీళ్ళు పోసి, నులిపురుగులకని వేపరసం తాగించి, గిన్నెడు జావ ముందు పెట్టింది.

"మాంసం లేదా?"

"పిల్లలకు అరగదు కన్నా."

"పిల్లేమిటే, నేను ముసలినక్కను! ఈ మీసాలు చూడు, నెరిసిపోయాయి!"

"నీ వయసు పిల్లలంతా పెద్దాళ్ళమైపోయామనే అంటారు నాన్నా," అని పిన్నమ్మ దాన్ని ఒళ్ళో పడుకోబెట్టి జోకొట్టింది.

నెలాఖరుకు తనిఖీకొచ్చిన ఏనుగు కాళ్ళ మీద పడింది నక్క. "నన్నెప్పుడు వదులుతారయ్యా?"

ఏనుగు ఆప్యాయంగా తొండంతో తల నిమిరాడు. "నా మోకాలు దాటిన మరుక్షణం, బాబూ. బాగా తిని ఎదుగు!"

నీతి: చట్టం ఎప్పుడూ పిల్లల పక్షమే, పిల్లలెవరో పెద్దలు తేల్చేదాకా పిల్లలే కాస్త ఓపిక పట్టాలి.